చెప్పలేని వయసు

ఉదయం తొమ్మిది గంటలకు ఏ శిశువిహారం గుమ్మం ముందు నిలుచున్నా కనబడే దృశ్యం ఒకటే. స్కూటర్లు, ఆటోలు, తల్లి చంక దిగనని మారాం చేసే పిల్లలు, వారి మెడల్లో వేలాడే నీళ్ళ సీసాలు, ఒక చేత్తో బిడ్డను, మరొక చేత్తో సంచీని అందుకునే ఆయా. ఒక బిడ్డ తల్లి చేతిలోనుంచి టీచరు చేతిలోకి మారడానికి అర నిమిషం పట్టదు. ఆ అర నిమిషంలోనే అనుభవజ్ఞురాలైన టీచరు చాలా చూస్తుంది. ఒళ్ళు వెచ్చబడిందేమోనని నుదుటి మీద చెయ్యి వేస్తుంది. కళ్ళు ఏడ్చి ఉన్నవేమో గమనిస్తుంది. నిన్న లేని దెబ్బ ఏదైనా నేడు కనబడుతున్నదా అని కూడా ఆమె చూపు వెదుకుతుంది. జ్వరం తగిలితే ఏంచేయాలో ఆమెకు తెలుసు. ఆ మూడవది కనబడితే ఏంచేయాలో మాత్రం ఆమెకు ఎవరూ నేర్పి ఉండరు.

మూడేళ్ళ పిల్లవాడి మోకాలు చెక్కుకుపోయి ఉంటే అడగవలసిన పని లేదు. ఆ వయసులో మోకాళ్ళకూ, మోచేతులకూ, నుదుటికీ ఏదో ఒకటి తగలని వారముండదు. కాని ఆ కమిలిన మచ్చ చెవి మీద ఉంటే? మెడ మీద, పొట్ట మీద ఉంటే? పరుగెత్తే పిల్లవాడు బోర్లా పడతాడు. చెవి మీద పడడు. అమెరికాలోని సియాటిల్‌లో వైద్యులు మూడేళ్ళ లోపు పిల్లలను 973 మందిని పరీక్షించి 1999లో ప్రకటించిన పరిశీలన ఒకటి ఉంది. అడుగులు వేయడం వచ్చిన పిల్లల్లో సగానికి పైగా ఒంటిమీద ఏదో ఒక కమిలిన మచ్చ కనబడింది. ఆరు నెలలు నిండని 366 మంది శిశువుల్లో అటువంటి మచ్చ కనబడినది ఇద్దరికి మాత్రమే. పాకడం రాని బిడ్డకు తనంతట తాను దెబ్బ తగిలించుకునే శక్తి లేదు. 2010లో మరికొందరు అమెరికన్ వైద్యులు దీనిని మరింత సుబోధకంగా చెప్పారు: నాలుగేళ్ళ లోపు బిడ్డకు మొండెం మీదగాని, చెవి మీదగాని, మెడ మీదగాని, నాలుగు నెలలు దాటని శిశువుకు ఒంటిమీద మరెక్కడైనాగాని కమిలిన గాయం కనబడి, దానికి నమ్మదగిన కారణం దొరకనప్పుడు, ఆ బిడ్డను తప్పక వైద్యునికి చూపవలసిందే.

చూడడంలో పొరపాట్లు జరగకపోవు. మన దేశపు శిశువులలో చాలామందికి పుట్టుకతోనే నడుము కింద, పిరుదుల మీద నీలపు ఛాయ గల మచ్చలుంటాయి. పాశ్చాత్య దేశాలలో కొత్త టీచర్లు వీటిని దెబ్బలని భ్రమపడిన సందర్భాలున్నవి. బిడ్డ బడిలో చేరిననాడే తల్లిని అడిగి ఈ మచ్చలను పుస్తకంలో గుర్తించుకుంటే ఆ చిక్కు రాదు. ఇక మన పల్లెల్లో పసిరికలకు చేతిమీద వాత పెట్టే ఆచారం ఇంకా పూర్తిగా పోలేదు. ఆ వాత పెట్టించిన తల్లిదండ్రుల గుండెల్లో క్రూరత్వం లేదు, బిడ్డ బతకాలన్న ఆరాటమే ఉన్నది. అయినా కాలినది కాలినదే. అటువంటి ఇంటికి కావలసింది ముందుగా ఆరోగ్య కార్యకర్త. ఈ తేడాను గుర్తించడానికి చదువు కన్న ఆ ఊరి ఎరుక ఎక్కువ అవసరం.

విచిత్రమేమంటే, పసిపిల్లల ఒంటిమీది గాయాలను చదవడం వైద్యశాస్త్రమే చాలా ఆలస్యంగా నేర్చుకున్నది. 1946లో జాన్ కాఫీ అనే అమెరికన్ ఎక్స్-రే వైద్యుడు ఆరుగురు శిశువుల చరిత్రలను ప్రచురించాడు. ఆరుగురికీ తలలో నెత్తురు గడ్డకట్టి ఉంది. ఆరుగురికీ కలిపి కాళ్ళూ చేతుల ఎముకలు 23 చోట్ల విరిగి ఉన్నవి. తల్లిదండ్రులు చెప్పిన కారణాలేవీ ఆ విరుగుళ్ళకు అతకలేదు. అయినా కాఫీ కలం 'ఎవరో కొట్టారు' అన్న మాట వ్రాయడానికి వెనుదీసింది. ఆ మాట నిస్సంకోచంగా అనడానికి మరొక 16 ఏళ్ళు పట్టింది. 1962లో డెన్వరు నగరపు పిల్లల వైద్యుడు హెన్రీ కెంపీ, ఆయన సహచరులు 71 ఆసుపత్రుల నుంచి 302 మంది పిల్లల వివరాలు సేకరించారు. వారిలో 33 మంది మరణించారు, 85 మంది మెదడుకు శాశ్వతమైన హాని కలిగింది. కొట్టినది పరాయివాళ్ళు కాదు, పెంచే చేతులే. వైద్యుల కళ్ళకు అడ్డుపడినది అజ్ఞానం కాదనీ, తల్లిదండ్రులు ఇంతపని చేస్తారని నమ్మలేకపోవడమేననీ కెంపీ గ్రహించాడు.

నమ్మలేకపోవడం అన్న ఈ జబ్బు బాలబడులలో మరింత బలంగా ఉంటుంది. ఇంగ్లండులోని ప్లిమత్ పట్టణంలో లిటిల్ టెడ్స్ అనే శిశువిహారం కథ దీనికి నిదర్శనం.

2009 జూన్‌లో ఆ శిశువిహారంలో పనిచేసే ఒక స్త్రీని పోలీసులు అరెస్టు చేశారు. ఆమె పేరు ఇక్కడ అవసరం లేదు. తన సంరక్షణలో ఉన్న పసిపిల్లలపై అత్యాచారం చేసి, సెల్‌ఫోనుతో ఫోటోలు తీసి, ఇంటర్నెట్ ద్వారా పరిచయమైన ఒక పురుషునికి పంపుతూ వచ్చింది. ఈ వ్యవహారం బయటపడింది బడిలో కాదు. ఎక్కడో ఉన్న ఆ పురుషుని కంప్యూటరులో అతనితో కలిసి పనిచేసే వ్యక్తి ఒకరు ఆ చిత్రాలు చూసి పోలీసులకు చెప్పడం వల్ల బయటపడింది. అంతవరకు ప్లిమత్‌లో ఎవరూ నోరు విప్పలేదు. ఆ ఏడాది డిసెంబరులో ఆమెకు శిక్ష పడింది. ఫోటోలలో పిల్లల ముఖాలు లేవు. తాను హింసించినది ఎవరి బిడ్డలనో ఆమె చెప్పలేదు. ఆ బడికి పిల్లలను పంపిన ప్రతి తల్లీ తన బిడ్డ ఆ చిత్రాలలో ఉన్నదో లేదో తెలియకుండానే జీవించవలసి వచ్చింది.

మరుసటి ఏడు నవంబరులో ఈ ఘటనపై సమీక్షా నివేదిక వెలువడింది. ప్రతి బాలబడి యజమాని చదవదగిన పత్రమది. నేరస్థురాలి రికార్డులో ఏ మచ్చా లేదు. పోలీసు పరిశీలనలో ఆమె నిర్దోషి. తనిఖీ అధికారుల దృష్టిలో ఆ శిశువిహారం మంచిదే. తల్లిదండ్రులకు ఆమె అంటే ఇష్టం, కలుపుగోలు మనిషి. అరెస్టుకు కొన్ని నెలల ముందునుంచి ఆమె ధోరణి మారింది. పని మధ్యలో మోటు మాటలు, తన ఫోనులోని అసభ్య చిత్రాలు తోటివారికి చూపడం మొదలైనవి. తోటి ఉద్యోగినులకు అది నచ్చలేదు. కాని ఆ చిన్న ముఠాలో పెత్తనమంతా ఆమెదే. ఆమెను ఎదిరిస్తే తాము వేరుపడిపోతామని భయం. ఎవరికి చెప్పాలో, చెబితే ఏమవుతుందో రాతపూర్వకంగా ఎక్కడా లేదు. పిల్లల బట్టలు మార్చే చోటు ఇతరుల కంటపడేట్టుగా లేదు. ఏ ఒక్కరూ నేరాన్ని చూడలేదు. చూసినదల్లా ఒక సహోద్యోగిని ప్రవర్తన. ఆ ప్రవర్తనకూ, పిల్లలకూ సంబంధముంటుందని ఎవరికీ తోచలేదు.

ఇటువంటి ముఠాలు ప్లిమత్‌కే పరిమితమని అనుకోవడం పొరపాటు. నలుగురు ఆయాలు, ఇద్దరు టీచర్లు పనిచేసే మన వీధి బడిలో కూడా పెద్ద ఆయా మాటకు ఎదురుండదు. కొత్తగా చేరిన పిల్ల ఒకతె ఏదో గమనించి చెప్పబోతే, 'నీకెందుకమ్మా, వచ్చి నెల కాలేదు' అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ప్లిమత్ తర్వాత ఇంగ్లండు ప్రభుత్వం 2012 నాటి నిబంధనలలో బాలబడులలో సెల్‌ఫోను, కెమెరాల వాడకం గురించి ప్రతి బడీ లిఖిత విధానం ఏర్పరచుకోవాలని ఆదేశించింది. అది మంచిదే. అయితే ఫోనును బీరువాలో పెట్టి తాళం వేసినంత మాత్రాన కొత్త ఆయాకు ధైర్యం రాదు.

ఇంతవరకు చదివిన పాఠకులకు, అనుమానం రాగానే పిల్లలను కూర్చోబెట్టి అడిగితే సరిపోతుంది గదా అని తోచవచ్చు. ఇక్కడే అసలు ప్రమాదమున్నది.

1983లో కాలిఫోర్నియాలోని మన్‌హటన్ బీచ్ పట్టణంలో ఒక బాలబడిపై ఒక తల్లి ఫిర్యాదు చేసింది. పోలీసులు ఆ బడికి పిల్లలను పంపిన సుమారు 200 కుటుంబాలకు ఉత్తరాలు వ్రాశారు. అనుమానితుని పేరు, అతడు చేసి ఉండవచ్చునన్న పనుల జాబితా కూడా అందులో వ్రాసి, మీ పిల్లలను అడిగి చూడండి అన్నారు. తల్లిదండ్రులు అడిగారు. ఆ తర్వాత సలహాదారులు అడిగారు. మళ్ళీ మళ్ళీ అడిగారు. కాదన్న బిడ్డను ఔననేదాకా అడిగారు. వందలకొద్దీ పిల్లలు ఔనన్నారు. రానురాను వారి కథల్లో సొరంగాలు, మంత్రతంత్రాలు కూడా చేరాయి. ఏడుగురిపై నేరారోపణ జరిగింది. విచారణ 1990 దాకా సాగి, ఒక్కరికీ శిక్ష పడకుండా ముగిసింది. ఆ పిల్లల్లో ఎవరికైనా నిజంగా హాని జరిగి ఉంటే, దానిని తెలుసుకునే దారి ఆ ప్రశ్నల కిందనే పూడిపోయింది. నిర్దోషులు ఉంటే వారి జీవితమూ అంతే.

పసిపిల్లలు అబద్ధమాడతారని దీని అర్థం కాదు. 1995లో అమెరికాలో మిషెల్ లైక్ట్‌మన్, స్టీఫెన్ సెసీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక బాలబడిలో జరిపిన ప్రయోగాన్ని ప్రకటించారు. సామ్ స్టోన్ అన్న పేరుతో ఒక మనిషి తరగతిలోకి వచ్చాడు. రెండు నిమిషాలు అటూ ఇటూ తిరిగి, పిల్లలను పలకరించి వెళ్ళిపోయాడు. దేనినీ ముట్టుకోలేదు. ఒక జట్టు పిల్లలకు అతడు రాకమునుపే కొన్ని వారాలపాటు, సామ్ చేతికి దొరికిన వస్తువు దక్కదన్న కథలు చెప్పి ఉంచారు. అతడు వెళ్ళిన తర్వాత పది వారాలలో పలుమార్లు, 'సామ్ పుస్తకం చింపినప్పుడు కోపంతో చింపాడా, పొరపాటున చింపాడా?' అన్న తరహా ప్రశ్నలు వేశారు. చివరకు కొత్త మనిషి వచ్చి అడిగేసరికి ఆ జట్టులోని మూడు, నాలుగేళ్ళ పిల్లల్లో 72 శాతం, సామ్ పుస్తకమో బొమ్మో పాడుచేశాడని చెప్పారు. ఏ కథా వినని, ఏ వక్ర ప్రశ్నా ఎదుర్కొనని పిల్లలను 'ఏం జరిగిందో చెప్పు' అని మాత్రమే అడిగినప్పుడు వారిలో ఒక్కరూ అటువంటి మాట అనలేదు. ఆ వీడియోలు చూసిన వృత్తి నిపుణులు సైతం నిజం చెప్పే బిడ్డను, కల్పన చెప్పే బిడ్డను వేరు చేయలేకపోయారట.

కనుక బిడ్డ తనంతట తాను ఏదైనా అన్నప్పుడు టీచరు చేయవలసినది చాలా కొద్ది. చేస్తున్న పని ఆపి వినాలి. ముఖంలో ఆశ్చర్యమో, ఏవగింపో కనబడితే బిడ్డ అక్కడే ఆగిపోతుంది. 'తర్వాత?' అనవచ్చు, 'ఇంకా చెప్పమ్మా' అనవచ్చు. 'నాన్నే కొట్టాడా?' అనరాదు. 'ఎవరికీ చెప్పనులే' అని మాట ఇవ్వరాదు. ఆ మాట నిలుపుకోలేదు కాబట్టి. నువ్వు చెప్పడం మంచిదయిందని, తప్పు నీది కాదని చెబితే చాలు. ఆ వెంటనే వ్రాయాలి. విన్న మాటను విన్నట్టే వ్రాయాలి.

ఈ చివరి నియమం చెప్పినంత తేలిక కాదు. శరీర భాగాలకు మన ఇళ్ళల్లో పేర్లు లేవు. ఒక్కొక్క ఇంట ఒక్కొక్క ముద్దు పేరు. నగరపు నర్సరీలలో ఆ ముద్దు పేర్లు కూడా పోయి 'షేమ్ షేమ్' అన్న మాట ఒక్కటే మిగిలింది. బట్ట తొలగిన ప్రతిసారీ సిగ్గు అని నేర్చిన బిడ్డ, తనకు జరిగిన హానిని కూడా తన సిగ్గుగానే భావించి దాచుకుంటుంది. టీచరు ఆ మాటను మర్యాద కోసం మార్చి వ్రాస్తే రేపు న్యాయస్థానంలో ఆ రాతకు విలువ ఉండదు. బిడ్డ ఒరియాలోనో మరాఠీలోనో మాట్లాడితే, అర్థమైనంత అనువదించి వ్రాయడం కాక, వినబడిన ధ్వనులనే తెలుగు లిపిలో వ్రాసిపెట్టడం మేలు. అనువాదకుని సహాయం పొందే హక్కు బిడ్డకు చట్టమే ఇచ్చింది.

మన దేశంలో ఈ సమస్య ఎంత పెద్దదో తెలుసుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 2007లో ప్రచురించిన అధ్యయనాన్ని తరచు ఉదహరిస్తారు. 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలను ప్రశ్నించగా 53 శాతానికి పైగా ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు అనుభవించామన్నారు. ఆ అధ్యయనంలో అందరికన్న చిన్న బిడ్డ వయసు 5 ఏళ్ళు. అంగన్వాడీకి, నర్సరీకి వెళ్ళే వయసు అక్కడ లెక్కలోనే లేదు. చట్టంలోనూ ఇటువంటి ఖాళీ ఒకటున్నది. బడిలో కొట్టడాన్ని నిషేధించిన 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల కోసం వ్రాసినది. అందుచేత అంతకన్న చిన్నవారిని బెత్తంతో కొట్టవచ్చునని ఎవరైనా అనుకుంటే పొరపాటు. 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షను ప్రకారం, పిల్లల సంరక్షణ బాధ్యత గల సంస్థలో పనిచేసేవారు క్రూరంగా ప్రవర్తిస్తే 5 ఏళ్ళదాకా కఠిన కారాగారం, 5 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చును.

లైంగిక నేరాల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం మరింత స్పష్టంగా ఉంది. నేరం జరిగిందని తెలిసినవారే కాక, జరగవచ్చునని శంకించినవారు కూడా పోలీసులకు తెలపాలి. తెలపకపోతే 6 నెలల దాకా శిక్ష. తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని సంస్థ అధిపతి తెలపకపోతే ఏడాది దాకా. సద్బుద్ధితో తెలిపినవారిపై ఏ కేసూ నిలవదు. రుజువులు సేకరించే బాధ్యత టీచరుది కాదు. పోలీసు అధికారి యూనిఫారం లేకుండా బిడ్డ ఇంటికో, బిడ్డ కోరిన చోటికో వచ్చి వాంగ్మూలం తీసుకోవాలి. ఆ అధికారి సాధ్యమైనంతవరకు స్త్రీ అయి ఉండాలి. రాత్రిపూట బిడ్డను స్టేషనులో ఉంచరాదు. 2020 నియమాల ప్రకారం బడులు, శిశుపోషణ కేంద్రాలు ప్రతి ఉద్యోగి పూర్వాపరాలను ఎప్పటికప్పుడు పోలీసుల ద్వారా విచారించాలి. ప్లిమత్ ఉదంతం తెలిసినవారు ఈ ఒక్క కాగితం మీద ఎక్కువ భారం మోపరు. బిడ్డకు ఏ హాని అయినా, ఏ వేళ అయినా 1098 నంబరుకు ఫోను చేయవచ్చును, డబ్బు తీసుకోరు.

2022 అక్టోబరులో హైదరాబాదు బంజారా హిల్స్‌లోని ఒక బడిలో ఎల్‌కేజీ చదివే నాలుగేళ్ళ పాపపై ప్రిన్సిపాల్ కారు డ్రైవరు అఘాయిత్యం చేసిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అతడు టీచరు కాదు, ఆయా కాదు. పిల్లలతో పనిలేని మనిషి పిల్లలున్న చోట స్వేచ్ఛగా తిరిగాడు. పాప తీరులో వచ్చిన మార్పును పసిగట్టింది తల్లి. 2023 ఏప్రిల్‌లో అతనికి 20 ఏళ్ళ శిక్ష పడింది. మన కోర్టుల వేగానికి ఆరు నెలలంటే తక్కువే.

తీరులో మార్పు అన్నది గాయంకన్న కష్టమైన గుర్తు. చక్కగా మూత్రానికి చెప్పడం నేర్చిన బిడ్డ మళ్ళీ బట్టలు తడుపుకోవడం, ఒకరి చేతికే వెళ్ళనని పెనుగులాడడం, మధ్యాహ్నం పడుకోబెట్టబోతే బెదరడం, సోమవారం నాడు రెండు పళ్ళేలు తినడం. వీటిలో ప్రతిదానికీ నిర్దోషమైన కారణం ఉండవచ్చు; ఇంట్లో తమ్ముడు పుట్టినా బిడ్డ పక్క తడుపుతుంది. అల్లరి చేసే బిడ్డను అందరూ గమనిస్తారు. అకస్మాత్తుగా అతి బుద్ధిమంతురాలైపోయిన బిడ్డను మెచ్చుకుని ఊరుకుంటారు. ఏ ఒక్క రోజు చూసినా ఏమీ తేలదు. అందుకే పుస్తకం కావాలి. ఆయా చూసినది, టీచరు చూసినది, ఆటో నడిపేవాడు విన్నది ఒకచోట చేరితేగాని ఆకారం కనబడదు.

ఆ పుస్తకంలో 'పాప దిగులుగా ఉంది, ఇంట్లో ఏదో జరిగి ఉంటుంది' అని వ్రాస్తే వ్యర్థం. ఉపయోగపడే రాత ఎలా ఉంటుందో మచ్చుకు ఒకటి: 'బుధవారం, ఉదయం 11-20. చేతులు కడిగిస్తుండగా ఎడమ చెవి వెనుక రూపాయి బిళ్ళంత నీలపు మచ్చ కనబడినది. ఇదేమిటమ్మా అని అడిగాను. మామ గుంజిండు అన్నది. మరేమీ అడగలేదు. 11-30కి ప్రధానోపాధ్యాయినికి తెలిపాను.' కింద సంతకం. దీనినే 'మేనమామ చెవి మెలిపెట్టాడని పాప తెలిపినది' అని ఎవరైనా చక్కదిద్దితే అన్యాయం జరిగిపోయినట్టే. మామ అంటే తల్లి తోబుట్టువు కావచ్చు, పక్కింటి మనిషి కావచ్చు, బడి ముందు బఠాణీలు అమ్మేవాడు కావచ్చు. మూడేళ్ళ బిడ్డకు మీసమున్న ప్రతివాడూ మామే. ఆ మామ ఎవరో తేల్చడం శిక్షణ పొందినవారి పని.

ప్రధానోపాధ్యాయిని చేయవలసిన పని ఆ మధ్యాహ్నమే చేయాలి. సాధారణంగా తల్లిదండ్రులకు చెప్పడమే మర్యాద. అనుమానం ఇంటివారి మీదనే ఉండి, చెబితే సాయంత్రం బిడ్డకు మరింత కీడు జరుగుతుందని తోస్తే ముందు 1098కి చెప్పాలి. అనుమానం తన సిబ్బంది మీద ఉంటే ఆ మనిషిని పిలిచి రహస్యంగా మందలించి, రాజీనామా వ్రాయించుకుని, బడి పరువు దక్కిందని ఊపిరి పీల్చుకోవడం తరచు జరిగే పని. ఆ మనిషి నెల తిరక్కుండా మరొక వీధిలోని మరొక బడిలో చేరుతుంది.

మర్నాడు తొమ్మిది గంటలకు స్కూటర్లు, ఆటోలు మళ్ళీ వస్తాయి. చెవి వెనుక మచ్చ ఉన్న పాప కూడా వస్తుంది. ఆమెను ప్రత్యేకంగా ఒడిలో కూర్చోబెట్టుకోనక్కర్లేదు, నిన్నటి సంగతి కదపనక్కర్లేదు. ఎప్పటిలాగే సంచీ అందుకుని, చెప్పులు విప్పించి, నిన్న సగం రంగు వేసిన ఏనుగు బొమ్మ కాగితాన్ని ఆమె ముందు పెట్టాలి.